ఆరో తలుపు

43వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 5

ఈ పుస్తకంలో చివరి గడికి 'విశేషాలు' అని పేరు. నాలుగేళ్లుగా అందులో నేను రాస్తున్నది ఒక్కటే మాట: ఏమీ లేవు. ఇవాళ్టి నుంచి రాస్తాను. నాకు అర్థం కాని సంగతి ఒకటి జరుగుతోంది.

నా పేరు మైలపల్లి నూకరత్నం. అడుగూరులో తలుపుల పని నాది. సముద్రం కింద ఇరవై బారల లోతులో పదకొండు అరలు, వాటికి పద్నాలుగు ఇనప తలుపులు, నలభై ఒక్క మంది మనుషులం. నాచు పెంచుతాం, ఎండబెడతాం, పైకి పంపుతాం. ఒక అరలోకి నీళ్లొస్తే పక్కది మునగకూడదు కాబట్టి, ఎవరు ఏ తలుపు దాటినా వెనక్కి తిరిగి చక్రం తిప్పి మూసి వెళ్లాలి. పూటకోసారి నేను అన్నీ చుట్టి వచ్చి రాసుకుంటాను. అత్యవసరమైతే నా మీటల గదిలోంచే అన్నిటినీ మూసెయ్యొచ్చు.

రోజులు లెక్కపెడుతున్నది నాలుగో అర మునిగిన నాటి నుంచి. అది నాచు ఎండబెట్టే అర. గోడ అతుకు విడిపోయి నీళ్లు లోపలికొచ్చాయి. ఆరో తలుపు మూసుకుంది. లోపల ముగ్గురు ఉండిపోయారు: కారి దానయ్య, చిలకమ్మ, బైరాగి. పంతొమ్మిది నిమిషాల పాటు లోపలి నుంచి తలుపు తట్టారు. అవతల నీళ్ల బరువు ఉంటే ఆ తలుపు తెరవడం ఎవరి తరమూ కాదు. తర్వాత తట్టడం ఆగిపోయింది. తొమ్మిదో రోజుకి గోడ అతికించి, నీళ్లు తోడి, ముగ్గురినీ పైకి పంపాం. ఇప్పుడా అర పొడిగానే ఉంది. ఎవరూ అటు వెళ్లరు.

అప్పటి నుంచి తలుపుల సందుల్లో వస్తువులు పుట్టుకొస్తున్నాయి. మూడో తలుపు సందులో రబ్బరు చెప్పు. తొమ్మిదో దాంట్లో ఆలిచిప్పల సంచి. పదకొండులో మడత పెట్టిన దుప్పటి. సందులో అడ్డం ఉంటే మీట లాగినా తలుపు కదలదు. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదు. తీసేస్తే మర్నాటికి ఇంకోటి వస్తుంది.

ఇంకో సంగతి. ఊళ్లో ఏదో చప్పుడు తగ్గింది. ఏమిటా అని భోజనాల అరలో చాలాసేపు నిలబడి విన్నాను. తట్టే చప్పుడు లేదు. గరిటెని గిన్నె అంచుకి కొట్టడం మానేశారు. కుర్చీల కాళ్లకి గుడ్డలు చుట్టారు. వెల్లుల్లి దంచకుండా వేళ్లతో నలుపుతున్నారు. గిన్నెల మీద మూతలు కూడా పెట్టడం లేదు. ఎవరూ ఎవరి గదీ తట్టరు. ఎలాగూ తెరిచే ఉంటాయి.

51వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 8

ఒడ్డు ఆఫీసు వాళ్లు పట్టీలు పంపించారు. చెవి వెనక అంటించుకుంటే మనసు నిమ్మళిస్తుందట. ముప్పై మంది అంటించుకున్నారు. మూడో రోజుకి చెప్పులు, సంచులు వాటంతట అవే మాయమయ్యాయి. తెరిచిన తలుపులు రెండుకి దిగాయి. నాకు చాలా సంతోషమేసింది.

ఇవాళ అలవాటు ప్రకారం ప్రమాద గంట మోగించి చూశాను. గంట మోగిన నిమిషంలో ఎవరి అరలోకి వాళ్లు వెళ్లాలి. పట్టీ వేసుకున్నవాళ్లలో పద్దెనిమిది మంది కూర్చున్న చోటు నుంచి లేవలేదు. వలల దగ్గర పనిచేసే ఎర్రన్న టీ తాగుతున్నాడు. భుజం పట్టి ఊపితే నా వైపు సొంత అక్కని చూసినట్టు ప్రేమగా చూసి, "నీళ్లొత్తే వొత్తాయిలే అప్పా, కూకో" అన్నాడు.

ఒడ్డు డాక్టరుకి చెప్పాను. పట్టీలన్నీ తీయించెయ్యమన్నాడు. సాయంత్రానికి చెప్పులు మళ్లీ వచ్చాయి, ఈసారి ఇంకా ఎక్కువ.

58వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 9

పట్టీలకి బదులు ఒక మనిషిని పంపారు. ఆవిడ పని పేరు కళావైద్యం. మనచేత చిందులేయిస్తారా అని ఎర్రన్న అడిగాడు. నాకూ తెలియదన్నాను.

ఆవిడ పేరు ఎస్తేరు. యాభై దాటి ఉంటాయి. బొబ్బిలి అవతల మెట్ట ఊరు. పుట్టి బుద్ధెరిగాక సముద్రంలో మోకాలి లోతు కూడా దిగలేదట. తీసుకురావడానికి నేనే పైకి వెళ్లాను. దిగుడు పెట్టెలో కిందికొచ్చినంత సేపూ కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకునే ఉంది; నా వేళ్లు తెల్లబడ్డాయి. కిందికొచ్చాక అడిగిన మొదటి మాట, వాంతి చేసుకోవడానికి చోటెక్కడ అని. నాకు ఆవిడ నచ్చింది.

వెంట ఒక ట్రంకు పెట్టె. అందులో రంగులు, బంకమట్టి, గుడ్డ పేలికలు, దారాలు, దుప్పట్లో చుట్టిన డప్పు. భోజనాల అరలో ఒక మూల చాప వేసుకుంది. సమావేశం, ఉపన్యాసం ఏమీ లేవు. అన్నాలకి వచ్చిన వాళ్లతో ఒకే ఒక్కసారి చెప్పింది: "నానిక్కడ కూకుంటాను. బొమ్మ బాగుందో నేదో ఎవులికీ సెప్పను. రావాలనిపిత్తే రండి. మద్దిలో ఎల్లిపోవాలనిపిత్తే ఎల్లిపోండి."

నన్నూ కూర్చోమంది. నాకేం ఇబ్బంది లేదు, తలుపులు చూసుకునేదాన్ని మాత్రమే అని చెప్పాను.

66వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 11

చాప దగ్గరికి తొమ్మిది మంది వస్తున్నారు. బంకమట్టి ఇక్కడ ఆరదని మాకెవరికీ తట్టలేదు. మూతలు లేని గిన్నెల ఆవిరి, తెరిచిన తలుపులు, అన్ని అరల్లోనూ ఒకటే చెమ్మ; గాలిలో తడి నూటికి ఎనభై ఎనిమిది. చిలకమ్మ వాళ్లన్న పోతురాజు ఒక పడవ చేశాడు. తెల్లారేసరికి అది చతికిలబడింది. మళ్లీ చేశాడు. రోజూ అది కూలడం, రోజూ అతను చెయ్యడం. చూస్తే జాలేసి, గట్టిపడే మట్టి తెప్పించమంటారా అని ఎస్తేరమ్మని అడిగాను. అతను అడిగితే తెప్పిద్దాం అంది. అతను అడగలేదు.

నేను ఇంకోటి గమనించాను. ఇప్పటిదాకా వేసిన బొమ్మలు అరవై రెండు. వాటిలో ఇళ్లున్నవి పదకొండు. ఒక్క ఇంటికీ తలుపు లేదు. ఏదో కనిపెట్టినదానిలా వెళ్లి ఎస్తేరమ్మకి చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూసి, వీటిలో నీ బొమ్మ ఏదని అడిగింది. నేను లెక్కపెట్టేదాన్ని అని చెప్పాను.

ఒడ్డు నుంచి ఉత్తరం వచ్చింది. తుపాన్ల కాలం దగ్గరపడుతోంది. నూరో రోజున పరీక్ష. పద్నాలుగు తలుపులూ తొంభై సెకన్లలో మూసుకోకపోతే ఊరంతటినీ పైకి తీసుకుపోయి కొండ కింద రేకుల షెడ్లలో పెడతారు. మా పాత ఊరిని సముద్రం మింగేసింది; అదీ ఈ నీళ్ల కిందే ఉంది, ఏడో అరకి ఉత్తరంగా. మాకు ఇంకో ఊరు లేదు. ఉత్తరం భోజనాల అరలో చదివాను. అందరూ తలూపారు. పొద్దున తొమ్మిదే తెరిచి ఉన్నాయి; రాత్రికి ఇంకో రెండు తలుపులకి అడ్డాలు పడ్డాయి.

69వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 11

ఇవాళ ఎస్తేరమ్మ దుప్పటి విప్పి డప్పు తీసింది. అరలో ఉన్న ప్రతి మనిషీ బిగుసుకుపోవడం చూశాను. వంట చూసే అప్పలకొండ, అంటే దానయ్య భార్య, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఎస్తేరమ్మ ఒక్క దెబ్బ వేసింది. తడి గోనెసంచిని నేలకేసి కొట్టినట్టు 'బొద్' మంది. ఈ చెమ్మకి తోలు వదులైపోయింది. ఎవరో నవ్వారు. ఎన్నాళ్లకి విన్నానో. ఆవిడ సిగ్గుపడుతూ, తమ ఊళ్లో అయితే గడ్డిమంట మీద కాస్త కాగబెడితే ఖంగుమంటుందని చెప్పింది. ఇక్కడ అగ్గిపుల్ల గియ్యడం కూడా నేరం. చుట్టి పెట్టెయ్యబోతుంటే ఎర్రన్న ఒకసారి ఇమ్మన్నాడు. బొద్. పోతురాజు లేచాడు. బొద్. అన్నం తినే వాళ్లంతా వరస కట్టి తలో దెబ్బా వేశారు. మోగని డప్పుకి ఎవరూ భయపడలేదు.

తర్వాత ఆవిడ నాతో మెల్లగా చెప్పింది: అది మొదటి దెబ్బకే ఖంగుమని ఉంటే తను మర్నాటి పెట్టెలో పైకి వెళ్లిపోవాల్సి వచ్చేదట. ఆ డప్పు తీయాలా వద్దా అని పదకొండు రోజులు ఆలోచించిందట.

73వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 11

భోజనాలయ్యాక అప్పలకొండ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. డప్పు ఒళ్లో పెట్టుకుంది. పుల్లలు పక్కన పెట్టి పిడికిలితో కొట్టింది. మూడు దెబ్బలు. ఆపింది. మూడు దెబ్బలు.

రెండో విడతకే అందరికీ తెలిసిపోయింది. ఎర్రన్న చెల్లెలు పైడమ్మ లేచి నిలబడింది. ఎస్తేరమ్మ అప్పలకొండని ఆపలేదు. వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చని, ఉండాలనుకునేవాళ్లు వచ్చి తన పక్కన కూర్చోవచ్చని అందరికీ వినిపించేలా చెప్పింది. పైడమ్మతో పాటు ఇంకొకరు వెళ్లారు. మిగిలినవాళ్లం ఉన్నాం. ఆరు నిమిషాలు కొట్టింది. తర్వాత ఆపేసి, ఇలా కాదు, ఇంకా గట్టిగా ఉండేది, దీన్ని మోగేలా చెయ్యగలవా అని ఎస్తేరమ్మని అడిగింది. మోగితే ఏం చేస్తావని ఆవిడ అడిగింది.

"మా మావ కొట్టినట్టు కొడతాను. నాను కొట్టినట్టూ కొడతాను" అంది అప్పలకొండ.

అప్పుడు మాకు తెలిసింది. ఆ రోజు లోపల నుంచి మూడు దెబ్బలు పడిన ప్రతిసారీ, ఇవతల నుంచి తనూ అరచేత్తో మూడు కొట్టిందట. పంతొమ్మిది నిమిషాలూ. నేనప్పుడు మీటల గదిలో ఉన్నాను, చూడలేదు.

"నాను కొట్టింది మావకి ఇనబడిందో నేదో. అదొక్కటే నాకు తెలవాల" అంది.

76వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 12

డప్పుని ఆరబెట్టే పని నేను తీసుకున్నాను. ఇలాంటి పనులు నాకిష్టం. చేసి చూసినవి: బ్యాటరీల గదిలో రాత్రంతా పెట్టాను, వెచ్చదనం ఉంది కానీ తడి పోలేదు. గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె ఆనించాను. అంచు ముడుచుకుంది, ఎస్తేరమ్మ నా చేతిలోంచి లాక్కుంది. ఉప్పు బస్తాలో పాతిపెట్టాను. దీపం కింద వేలాడదీశాను. ఎర్రన్న తన దుప్పట్లో పెట్టుకుని పడుకుని, కలలో కూడా చెమ్మే వచ్చిందని చెప్పాడు.

పొడి వేడిగాలి వచ్చే చోటు ఊళ్లో ఒకటే ఉంది. నాలుగో అర. నాచు ఎండబెట్టే పంకాలు అక్కడున్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఆరో తలుపు గట్టిగా మూస్తే తప్ప అవి తిరగవు. కాబట్టి వేరే దారి వెతుకుతున్నాను. రేపు బియ్యం డబ్బాలో పెట్టి చూస్తాను.

సాయంత్రం ఎస్తేరమ్మ నా గదికొచ్చి, నీకు తెలిసిన దారి ఒకటుండగా తెలియని దారులన్నీ తిరుగుతున్నావేమిటి రత్నమ్మా అని అడిగింది. కోపంగా ఏం అడగలేదు.

79వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 12

ఎస్తేరమ్మ ఈ పుస్తకం చూడొచ్చా అని అడిగితే ఇచ్చాను. దాచేందుకు ఇందులో ఏముంది. నలభై మూడో రోజు పేజీలో ఒక వాక్యం కింద వేలు పెట్టి ఆపింది.

"ఆరో తలుపు మూసుకుంది అని రాసినావు. తలుపులు ఆటంతట అయ్యే మూసుకుంటాయేటి?"

పుస్తకంలో ఇలాగే రాస్తాం అన్నాను. సరేనని పుస్తకం తిరిగి ఇచ్చేసి, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయింది. అడిగి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేదాన్ని.

రాస్తాను. ఆరో తలుపు నేను మూశాను.

నీళ్లు కనిపెట్టిన నలభయ్యో సెకనుకి యంత్రమే మూస్తుంది. పన్నెండో సెకనుకి నీళ్లు గడప తాకడం మీటల గది తెర మీద చూశాను. గడప తాకితే ఆగకూడదన్నది నియమం. తెర మీద ముగ్గురూ కనిపిస్తున్నారు. అందరికన్నా దగ్గరున్నది చిలకమ్మ, గడపకి ఎనిమిది అడుగుల్లో. మీట లాగాను. నేను ఆగి ఉంటే నీళ్ల తోపుకి ఆ తలుపు మూసుకునేదే కాదని, మిగతా అందరం పోయేవాళ్లమని విచారణలో తేల్చారు. నా పని సరైనదని కాగితం ఇచ్చారు. అది నిజమే. ఇంకా ఇరవై ఎనిమిది సెకన్లున్నాయన్నదీ నిజమే.

ఆ రోజు నుంచి నేను ఏ మీటా ముట్టుకోలేదు. తలుపు సందుల్లో చెప్పులు కనిపిస్తే నాకు మేలే అయింది. అడ్డం ఉంది, మీట పనిచెయ్యదు అని రాసుకుని వచ్చేసేదాన్ని.

80వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: చూడలేదు

పొద్దున్నే వంటగదికి వెళ్లాను. అప్పలకొండ ఉల్లిపాయలు తరుగుతోంది. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు.

"అప్పలకొండప్పా, ఆ తలుపు నానే మూసినాను."

ఆమె చెయ్యి ఆగలేదు. "తెలుసు. ఊరందరికీ తెలుసు. మీట నీ గదిలోనే గదా ఉంటాది."

కాసేపు ఉల్లిపాయలే తరిగింది. తర్వాత కత్తి కింద పెట్టకుండానే చెప్పింది: "నువ్వు మూసినావని కాదు రత్నం. మూయకపోతే నానూ ఉండను. ఎనబై రోజులు నా సేతి కూడు తిన్నావు. ఒక్కనాడొచ్చి ఈ మాట సెప్పనేదు. రోజూ వొత్తావు, ఎన్ని తలుపులు తెరిసున్నాయో రాసుకుంటావు, ఎల్లిపోతావు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది, ముందు అనుకున్నది కాదు. డప్పు తీసుకుని నాలుగో అరలోకి నేను వెళ్తానన్నాను. తలుపు నేనే మూసుకుంటాను. డప్పు ఆరాక నువ్వు ఇవతల నుంచి ఆ రోజు కొట్టినట్టే కొట్టు. లోపల ఏం వినబడిందో వచ్చి చెబుతాను.

కత్తి కింద పెట్టింది. "ఇనబడకపోతే?"

"ఇనబడనేదనే సెప్తాను."

"అలగైతే ఎల్లు" అంది.

81వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 11, ఆరోది మూసి ఉంది

పొద్దున ఎస్తేరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎప్పుడు వద్దనుకున్నా ఆపెయ్యొచ్చని మూడుసార్లు చెప్పింది. లోపలి మీట నొక్కి ఇవతల గుమ్మం మీది దీపం ఆర్పితే నేను వచ్చేస్తున్నట్టు. ఆవిడ ఇవతల అప్పలకొండ దగ్గర ఉంటుంది. పదీ నలభైకి అప్పలకొండ కొట్టడం మొదలుపెడుతుంది.

నాలుగో అరలో పాత నాచు వాసన ఇంకా ఉంది. చక్రం తిప్పి తలుపు మూశాను. దీపం మీట దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. అప్పుడు పంకాలు తిరగడం మొదలైంది, డప్పుని నాచు ఆరేసే తాడుకి కట్టాను. చూడ్డానికి ఏదో ఒకటి ఉంటే కుదురుగా ఉంటాననిపించి, అయిదు నిమిషాలకోసారి వేలితో కొట్టి రాసుకున్నాను. పది నిమిషాలకి: బొద్. ఇరవైకి: బొం, కొంచెం సాగుతోంది. ముప్పైకి తోలు తనలో తాను చిటచిటమంది. నలభైకి గోటితో మీటితే అర మొత్తం పలికింది. అంత చిన్న వస్తువు అంత పెద్ద చోటుని నింపుతుందని నాకు తెలియదు.

పదీ ముప్పై ఎనిమిదికి పంకాలు ఆపాను. తలుపు దగ్గర నిలబడ్డాను.

పదీ నలభై. ఏమీ లేదు. నలభై ఒకటి. నలభై రెండు. తలుపు ఇంత మందం అని నాకు తెలుసు, దాని కొలతలన్నీ నాకు తెలుసు. అవతల ఆమె కొడుతూనే ఉంటుంది. బయటికెళ్లి ఏం చెప్పాలో అదే చెప్పాలి, మాటిచ్చాను. నలభై నాలుగు.

వినడానికి సిద్ధంగా ఉన్నానని ఆమెకి తెలియాలి కదా అని, నేనే పిడికిలితో మూడు కొట్టాను. కొట్టిన చెయ్యి ఇనుము మీద అలాగే ఉండిపోయింది. వేళ్ల కణుపుల్లో ఏదో తగిలింది. నాడి చూసేటప్పుడు మణికట్టు దగ్గర తగిలినట్టు. మూడు. ఆగింది. మూడు. చెయ్యి తీస్తే ఏమీ లేదు. పెడితే ఉంది. చెంప ఆనించాను. ఉంది. తలుపు పైన, కింద, అంచున, ఎక్కడ చెయ్యి పెట్టినా ఉంది.

చక్రం తిప్పి బయటికొచ్చాను. అప్పలకొండ అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

"సెవికేటీ ఇనబడనేదప్పా," అన్నాను. ఆమె ముఖం చూడలేకపోయినా చెప్పడం ఆపలేదు. "తలుపు మీద సెయ్యెడితే తెలిసింది. మూడు, ఆగి మూడు."

ఆమె నమ్మలేదు. "ఆఖర్న ఎన్ని కొట్టినాను?"

"ఆఖర్న రెండే కొట్టి ఆపేసినావు."

ఎస్తేరమ్మ వైపు తిరిగింది. ఎస్తేరమ్మ అవునని తలూపింది. అప్పలకొండ తన అరచేతులు చూసుకుంది. "తట్టేవోడి సెయ్యి తలుపు మీదే ఉంటాది గదా," అని, అది మమ్మల్ని అడిగిందో తనకి తనే చెప్పుకుందో తెలియదు, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. ఎస్తేరమ్మ వెళ్లి ఆమె వీపుకి తన వీపు ఆనించి కూర్చుంది. నేను మీటల గదికి పోబోయి, పోకుండా వాళ్ల పక్కన కూర్చున్నాను. వంట ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు.

88వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 6

తలుపు గుండా చేతికి తెలుస్తుందన్న మాట ఊరంతా పాకింది. అందరికీ చూడాలని ఉంది. నిజమో కాదో చూడాలంటే తలుపు మూయాలి. కాసేపు మూసి చూద్దాం అంటూ చెప్పు తీసేవాళ్లు, సంచి జరిపేవాళ్లు. ఒకరు ఇటు, ఒకరు అటు. ఎర్రన్న మూడో తలుపు మీద కొట్టింది ఏమిటో అవతలి వాళ్లు చెప్పాలి. ఒకసారి ఎవరినో తిట్టే మాటని దెబ్బల్లో కొట్టానన్నాడు, అది కూడా కనిపెట్టారు. పోతురాజు మాత్రం రెండు పూటలు ఆరో తలుపు ముందు ఒంటరిగా, ఏమీ కొట్టకుండా, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మూడో రోజు మట్టి పడవని నాలుగో అరలో పెట్టి, పంకాలు వేసి, గట్టిపరిచి తెచ్చుకున్నాడు. ఆరినప్పుడు ఒక పక్క చీలింది. దాన్ని మూతలు పెట్టిన గిన్నెల పక్కన అలమరాలో పెట్టాడు.

డప్పు తడిసినప్పుడల్లా నాలుగో అరకి తీసుకెళ్లి తెస్తున్నాం. అప్పలకొండ వాయించేటప్పుడు ఎవరూ మాట్లాడరు. మొదట్లో ఆ మూడు దెబ్బలే. ఇప్పుడు మధ్యలో ఇంకేవో వచ్చి చేరుతున్నాయి.

అందరికీ ఒకేలా లేదు. పైడమ్మ నిన్న పైకి వెళ్లిపోయింది. ఆ చప్పుడు వినడం తన వల్ల కాలేదు. ఎర్రన్న ఉండమని బతిమాలితే, ఎస్తేరమ్మ అతన్ని ఆపి, వెళ్లడం కూడా ఆమె తనకి తాను చేసుకునే మేలే అని చెప్పింది. పైన ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒక పేరు రాసిచ్చింది. దారాలు, పేలికలు అన్నీ మూటగట్టి ఇచ్చింది.

100వ రోజు
తెరిచి ఉన్న తలుపులు: 0

పొద్దున తొమ్మిదికి ఒడ్డు వాళ్లు గంట కొట్టమన్నారు. నేను మొదటి మీట పట్టుకుని, పైకే చెప్పుకుంటూ లాగాను: ఒకటి మూస్తున్నాను, రెండు మూస్తున్నాను. తొమ్మిదోది మొరాయించింది; ఆలిచిప్పల సంచి ఇంకా అక్కడే ఉంది. ఎర్రన్న కాలితో తన్ని జరిపినట్టున్నాడు, ఆరు సెకన్లు పోయాయి. ఆరోది ఆఖర్న లాగాను. ఎనభై ఏడు సెకన్లు.

ఒడ్డు ఆఫీసు వాళ్లు సంతకం పెట్టారు. ఎస్తేరమ్మ రేపు వెళ్తుంది. సముద్రం మీద ఆవిడ అభిప్రాయం ఏమీ మారలేదు. డప్పు ఇక్కడే వదిలేస్తోంది. నన్ను ఒక్కసారైనా వాయించమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

106వ రోజు
తుపాను. గంట మోగిన సమయం: ఉదయం 9:10

తలుపులన్నీ డెబ్బై తొమ్మిది సెకన్లలో మూశాను. మీటల గది తలుపు పద్నాలుగోది. అది మూయబోతుంటే అప్పలకొండ డప్పు చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో అన్నం గిన్నెతో లోపలికొచ్చింది. నిన్నొక్కదాన్నీ ఎందుకుంచాలి అంది. తలుపు నేను మూశాను. ఆమె దానికి వీపు ఆనించి కింద కూర్చుంది.

పైన గాలి ఎంతుందో మాకు తెలియదు. అర నెమ్మదిగా ఊగింది, మీటలు సన్నగా గలగలమన్నాయి. అన్నం తిన్నాం. దానయ్య గురించి ఏదన్నా చెప్పమని అడిగాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. ఊరికన్నా లోతుకి, ముప్పై బారలు దిగి వచ్చే మనిషికి బొద్దింకని చూస్తే ప్రాణం పోయేదట. కూరలో ఉప్పు ఎంతేసినా చాలదనేవాడట. పెళ్లైన కొత్తలో ఆమె కోసం పాట నేర్చుకుని, పాడబోయి, సగంలో మరిచిపోయి, మిగతా సగం సొంతంగా కల్పించాడట. ఆ పాట చెప్పబోయి తనే నవ్వేసింది.

మధ్యాహ్నం ఊపు ఎక్కువైంది. ఆమె డప్పు నా వైపు తోసింది. నాకు రాదన్నాను. రావాలని ఎవులన్నారు అంది. పుల్లలు ఎలా పట్టుకోవాలో చూపించింది. వాయించాను. నా చేతులకి తాళం లేదని అప్పుడే తెలిసింది. ఒకటి ముందు పడితే ఇంకోటి ఎప్పుడు పడాలో తోచదు. అలా కాదు, మెల్లగా, ఇంకా మెల్లగా, అంటూ ఉంది. మెల్లగా వాయించాను. కాసేపటికి తిట్టడం మానేసింది. తలెత్తి చూస్తే కళ్లు మూసుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఆపితే లేస్తుందేమోనని ఆపలేదు. చాలాసేపటికి, వేళ్లు తిమ్మిరెక్కాక, ఒక్కో దెబ్బా తగ్గిస్తూ ఆపాను. లేవలేదు.

ప్రమాదం తప్పినట్టు ఒడ్డు నుంచి కబురు వచ్చిన సమయం: సాయంత్రం 4:00
మిగతా అరల వాళ్లు తలుపులు తెరుచుకున్న సమయం: 4:05
మీటల గది తలుపు తెరిచిన సమయం: 4:50

ఆలస్యానికి కారణం: తలుపుకి ఆనుకుని అప్పలకొండ నిద్రపోతోంది. లేపలేదు.